లోపాల పట్టికలో లోపాలు

ఇంటికి ఒక యంత్రం కొన్నప్పుడు దానితోపాటు వచ్చే చిన్నపుస్తకాన్ని ఎవరూ గ్రంథంగా పరిగణించరు. దానిమీద పత్రికలలో సమీక్షలు రావు. అయితే చదువు ముగించిన తరువాత భౌతికశాస్త్ర పుస్తకాన్ని మళ్ళీ తెరవని గృహస్థుడు కూడ, యంత్రం ఆగిపోయిననాడు ఈ చిన్నపుస్తకం చివరి పుటలను ఎంతో శ్రద్ధగా చదువుతాడు. ఆ పుటలలో ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు లోపం, నడుమ కారణం, కుడివైపు చేయవలసిన పని. చూపులకు ఇది శాస్త్రీయంగానే కనిపిస్తుంది. కారణం, కార్యం అనే మాటలున్న చోట విజ్ఞానశాస్త్రం ఉన్నదని నమ్మడం సహజం గదా! ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి ఒక్క ఉదాహరణ చాలు. క్యానిస్టర్ రకపు వాక్యూమ్ క్లీనరులో, మోటారుతో తిరిగే బ్రష్షు ఉన్నట్లుండి ఆగిపోయింది. గాలిని పీల్చే పని మాత్రం యథాప్రకారం సాగుతున్నది. పట్టిక ఏమి చెబుతుంది? ఏమి చెప్పకుండా వదలివేస్తుంది?

ముందు యంత్రం సంగతి. తెలుగువారి ఇళ్ళలో నేల బండలదో, గచ్చుదో, టైల్సుదో కాబట్టి చీపురు, తడిగుడ్డ చాలు. అమెరికాలో గోడనుంచి గోడదాకా తివాచీ పరచిన గదులు సామాన్యం. అక్కడ కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ యంత్రం బాగా పరిచితమే. తివాచీ నూలులో ఇరుక్కొన్న ధూళిని గాలి ఒక్కటే లాగలేదు. ఎవరో ఒకరు దానిని కదిలించాలి. ఆ పని చేసేది బ్రష్షు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్ పట్టణంలో, ఒక దుకాణంలో ఊడ్చే పని చేస్తుండిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్‌కు 1908లో పేటెంటు లభించిన యంత్రంలోనే తిరిగే బ్రష్షు ఉన్నది. గాలిని లాగే మోటారే ఒక బెల్టుద్వారా దానినీ తిప్పేది. మోటారు ఒకటి, బ్రష్షు దాని ప్రక్కనే. 1921లో ఎలక్ట్రోలక్స్ సంస్థ తెచ్చిన నమూనాలో మోటారు ఉన్న పెట్టె నేలమీద జారుతూ వెంట వస్తుంది. చేతిలో ఉండేది గొట్టం మాత్రమే. మంచం క్రిందికీ, కుర్చీల సందులలోకీ వెళ్ళడానికి ఇది ఎంతో సుఖం. కాని మోటారు దూరమైపోయింది, బెల్టు అందదు. తరువాతి కాలంలో గొట్టం చివర ఉండే శిరస్సులోనే రెండవ మోటారును అమర్చి, గొట్టం గోడలోనుంచి తీగలు నడిపి, దానికి విద్యుచ్ఛక్తిని అందించారు. అమెరికాలో సియర్స్ సంస్థ కెన్‌మోర్ పేర అమ్మిన యంత్రాలలో ఈ శిరస్సును పవర్‌మేట్ అన్నారు. సామాన్యంగా పవర్ హెడ్ అంటారు. ఈ శిరస్సుకు వచ్చే జబ్బులలో చాలా భాగానికి మూలం, మోటారు బ్రష్షుకు దూరమైన ఆ మార్పులోనే ఉన్నది.

విద్యుత్తు నడిచే దారిని ఒకసారి అనుసరించి చూడాలి. గోడ సాకెట్టునుంచి ప్లగ్గుద్వారా పెట్టెలోకి వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక శాఖ పీల్చే మోటారుకు పోతుంది. రెండవది గొట్టం మొదట ఉన్న పిన్నులద్వారా గొట్టంలోని తీగలకు, అక్కడినుంచి చేతిపిడిలోని స్విచ్చికి, లోహపు గొట్టం వెంబడి సాగే తీగకు, శిరస్సు మెడవద్ద ఉన్న పిన్నులకు, లోపలి అధికభార రక్షణ స్విచ్చికి, చివరకు బ్రష్షు మోటారుకు చేరుతుంది. అటుపైన విద్యుత్తు పని ముగిసి యాంత్రిక భాగం మొదలవుతుంది: మోటారు ఇరుసు, బెల్టు, బ్రష్షు రోలరు, రెండు కొసలా బేరింగులు. రెండు మోటార్లూ సమాంతర సంధానంలో ఉన్నాయి. రెండవ శాఖలోని అంగాలు మాత్రం ఒకదానివెనుక ఒకటి శ్రేణిలో ఉన్నాయి. పదవ తరగతి విద్యార్థికి ఈ రెండు మాటలూ తెలుసు. పీల్పు సాగుతున్నదంటే సాకెట్టు, ప్లగ్గు, పెట్టెకు వచ్చే తీగ బాగున్నాయని ఋజువైనట్లే. చీలిక తరువాతి సంగతి మాత్రం దానివల్ల ఏమీ తెలియదు. శ్రేణిలోని అంగాలలో ఏ ఒక్కటి తెగినా బ్రష్షు ఆగుతుంది. ఆగిన బ్రష్షును చూసి ఏది తెగిందో చెప్పడం అసాధ్యం.

ఇప్పుడు పట్టికవైపు చూడాలి. ఇటువంటి పట్టికలలో బ్రష్షు తిరగకపోవడానికి సాధారణంగా కనిపించే కారణాలు నాలుగైదు: స్విచ్చి నున్నని నేల గుర్తువద్ద ఉన్నది, శిరస్సు పిన్నులు సరిగా కూర్చోలేదు, బెల్టు తెగింది, రోలరుకు జుట్టు, దారాలు చుట్టుకొన్నాయి, రక్షణ స్విచ్చి పడిపోయింది. ప్రతిదానికీ ఎదురుగా ఒక పని. చివర, పై ఉపాయాలు ఫలించకపోతే అధీకృత మరమ్మతు కేంద్రానికి తీసుకొనిపొమ్మని ఒక వాక్యం. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. స్విచ్చి మరచిపోవడం, పిన్నులు వదులుకావడం నిజంగానే తరచు జరిగేవి. వాటిని ముందు పెట్టడం మంచిదే. అసలు చిక్కు ఎక్కడున్నదంటే, ఈ పట్టిక సమాధానాల జాబితాగా ఉన్నది. ఏ సమాధానం తన యంత్రానికి వర్తిస్తుందో పాఠకుడు ఎలా తెలుసుకోవాలి? దానికి ఒక గడి లేదు. లోపానికీ కారణానికీ నడుమ ఉండవలసింది పరీక్ష. ఆ గడి లేకపోవడంచేత పాఠకుడు మొదటి వరుసనుంచి చివరి వరుసదాకా ఒక్కొక్కటీ చేసి చూస్తాడు. ఏదో ఒకటి ఫలిస్తే ఎందుకు ఫలించిందో తెలియదు. ఏదీ ఫలించకపోతే ఏమి తేలిందో తెలియదు.

పరీక్షలు దొరకనివి కావు. చాలా శిరస్సులకు ముందుభాగాన చిన్న దీపం ఉంటుంది. బ్రష్షు ఆగినప్పుడు దీపం వెలుగుతున్నదా? వెలుగుతూ ఉంటే గొట్టం తీగలు, చేతిపిడి స్విచ్చి, పిన్నులు అన్నీ ఒక్క చూపుతో అనుమానంనుంచి బయటపడతాయి. వెతకవలసింది శిరస్సు లోపలనే. ఇంత విలువైన సాక్షిని పట్టిక ఏమి చేస్తుంది? దీపం వెలగకపోవడాన్ని వేరే లోపంగా మరొక వరుసలో వేసి, దానికెదురుగా దీపం మార్చండి అని వ్రాస్తుంది. ఒకే తీగమీద బ్రతికే రెండింటికీ చుట్టరికమే లేనట్లు! బ్రష్షు, దీపం ఒకేసారి ఆగితే పాఠకుడు రెండు వరుసలూ చూసి, తనకు రెండు కష్టాలు ఒకే రోజు వచ్చాయనుకొంటాడు.

ఈ సాక్ష్యానికి ఒక మెలిక ఉన్నది. తరగతిలో చెప్పదగిన మెలిక. దీపం వెలిగితే విద్యుత్తు వస్తున్నట్లే. వెలగకపోతే విద్యుత్తు రావడం లేదని అనడానికి వీలులేదు, దీపమే మాడిపోయి ఉండవచ్చు. వెలిగిన దీపం కూడ మసకగా ఉంటే సందేహించాలి. దీపానికి కావలసిన ప్రవాహం స్వల్పం. పాడైన పిన్ను ఆ కొంచెం ప్రవాహాన్ని పోనిచ్చి, మోటారు అడిగే ఎక్కువ ప్రవాహం దగ్గర చేతులెత్తేయవచ్చు. అటువంటి పిన్నుచుట్టూ ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. స్పర్శ సరిగా లేనిచోట నిరోధం పెరిగి, అక్కడే వేడి పుట్టడం దీనికి కారణం.

దీపం తరువాత చెవి. మోటారు తిరిగే చప్పుడు వినబడుతూ రోలరు కదలకపోతే బెల్టు తెగినట్లో, జారుతున్నట్లో అనుకోవచ్చు. చప్పుడే లేకపోతే ప్లగ్గు ఊడదీసి శిరస్సును తిరగవేసి, రోలరును వ్రేలితో తిప్పి చూడాలి. బొంగరంలాగా తేలికగా తిరిగిందా, దాని వెనుక మోటారు లేదు, బెల్టు పోయింది. కొంత బరువుగా తిరిగిందా, బెల్టు ఉన్నది. అసలు కదలనే లేదా, జుట్టో దారమో బేరింగువద్ద బిగుసుకొన్నది. మూడు ఫలితాలు, మూడు కారణాలు. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ఇంత సులభమైన పరీక్షను అచ్చువేయడానికి ఒక్క పంక్తి చాలును.

రక్షణ స్విచ్చి వరుస మరింత చింతించదగినది. ఇక్కడ పట్టిక కారణాన్నీ కార్యాన్నీ ఒకే గడిలో కూర్చోబెట్టింది. జుట్టు చుట్టుకోవడం కారణం. రక్షణ స్విచ్చి పడిపోవడం దాని ఫలితం. ఇంటికి నిప్పంటుకొన్నదని కేక వేసినవాణ్ణి నిప్పంటించినవారి జాబితాలో చేర్చినట్లున్నది. రక్షణ స్విచ్చి పడినప్పుడు రీసెట్ బొత్తాన్ని నొక్కండి అని ఎదురుగా ఉంటుంది. మంచి పుస్తకాలలో అడ్డును తొలగించిన తరువాతనే నొక్కమని మరొక పుటలో చెబుతారు. కాని యంత్రం ఆగి చిరాకుతో ఉన్న మనిషి చదివేది పట్టికనే. అతడు నొక్కుతాడు, బ్రష్షు క్షణకాలం మూలిగి ఆగుతుంది, మళ్ళీ నొక్కుతాడు.

అప్పుడు మోటారులో ఏమవుతుందో లెక్క వేసి చూపవచ్చు. కొన్ని శిరస్సులలో శాశ్వతాయస్కాంతం గల ఏకముఖ ప్రవాహ మోటారు ఉంటుంది. దాని చుట్ల నిరోధం 12 ఓములని, దానికి అందే విద్యుత్పీడనం 120 వోల్టులని ఊహించుకొందురు గాక. తిరుగుతున్న మోటారు తానే ఒక జనరేటరులాగా వ్యతిరేక విద్యుచ్ఛాలక బలాన్ని పుట్టిస్తుంది. అది 102 వోల్టులైతే మిగిలేది 18, ప్రవాహం 1.5 ఆంపియర్లు. రోలరు బిగుసుకొని మోటారు నిలిచిపోయిందంటే వ్యతిరేక బలం సున్న. ప్రవాహం 120ని 12తో భాగించగా 10 ఆంపియర్లు. చుట్లలో పుట్టే వేడి ప్రవాహ వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, మొదట 27 వాట్లు ఉన్నది ఇప్పుడు 1200 వాట్లు. దాదాపు 44 రెట్లు. ఒక చిన్న ప్లాస్టిక్కు పెట్టెలో ఇస్త్రీపెట్టె అంత వేడి! రక్షణ స్విచ్చి ఆపుతున్నది దీనినే. పట్టిక మాత్రం ఆ కావలివాణ్ణి దోషిగా చూపి, వాణ్ణి ప్రక్కకు తొలగించే ఉపాయం నేర్పుతున్నది. ఈ ఒక్క వరుస వాక్యనిర్మాణం మార్చకపోవడంవల్ల మోటార్లు మాడుతాయి, కొన్ని సందర్భాలలో ఇల్లే ప్రమాదంలో పడుతుంది.

బ్రష్షు అనే మాట గురించి ఒక్క ముక్క. శిరస్సులోని మోటారుకు కర్బన బ్రష్షులు కూడ ఉంటాయి. అవి తిరిగే భాగానికి విద్యుత్తును అందించే చిన్న బిళ్ళలు. బ్రష్షు అరిగింది అన్నప్పుడు ఏ బ్రష్షు? ఇంగ్లీషులోనే తికమక పెట్టే ఈ మాటను తెలుగులోకి తెచ్చేవారు ఊడ్చేదానిని రోలరని, మోటారులోనిదానిని కర్బన బ్రష్షని వేరుగా వ్రాస్తే సగం అయోమయం తొలగుతుంది.

మరొక జాతి శిరస్సులు ఉన్నాయి. వాటిలో మోటారే ఉండదు. పీల్చే గాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పితే అది రోలరును తిప్పుతుంది. అక్కడ న్యాయమంతా తలక్రిందులు. విద్యుత్ శిరస్సులో పీల్పుకూ బ్రష్షుకూ సంబంధం లేదు. గాలి శిరస్సులో పీల్పు తగ్గితే బ్రష్షు నిలుస్తుంది, సంచి నిండినా గొట్టానికి ఏదైనా అడ్డుపడినా అంతే. ఈ రెండింటికీ కలిపి ఒకే పట్టిక వేసే పుస్తకాలున్నాయి. మెడవద్ద పిన్నులున్నాయా అన్న ఒక్క ప్రశ్న మొదట అడిగితే చాలు.

పట్టికలో లేని వరుస గొట్టానిది. ఈ యంత్రంలో మాటిమాటికి వంగే అంగం అదొక్కటే. ఇనుపతీగను రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ వంచితే కొంతసేపటికి పుటుక్కున తెగుతుందని ప్రతి విద్యార్థికీ అనుభవమే. లోహాల అలసట అనే విషయానికి అది తొలి పాఠం. గొట్టంలోని తీగలు చేతిపిడివద్దనో పెట్టెవద్దనో, వంపు ఎక్కువగా పడేచోట ఇలాగే తెగుతాయి. తెగిన కొసలు ఒక్కొక్కప్పుడు తాకుతూ ఉంటాయి గనుక బ్రష్షు కొంతసేపు తిరిగి కొంతసేపు ఆగుతుంది. శిరస్సును నేలనుంచి ఎత్తి పట్టి, చేతులు రోలరుకు దూరంగా ఉంచి, మరొకరిచేత గొట్టాన్ని మెల్లగా వంచిస్తే, ఒక ప్రత్యేకమైన వంపులో బ్రష్షు ఉలిక్కిపడి తిరగడం కనిపిస్తుంది. లోపం ఎక్కడున్నదో అదే చెబుతుంది. అయితే గొట్టం పైతోలు పగిలి తీగ కనిపిస్తున్నప్పుడు ఈ పరీక్ష చేయరాదు; దానికి టేపు చుట్టి వాడరాదు. అమెరికాలో ఆ తీగలో ఉండేది 120 వోల్టులు, 230 వోల్టుల దేశాలలో గోడ పీడనంతోనే నడిచే యంత్రాలైతే అంతా.

గొట్టం సంగతి కర్మాగారాలకు తెలియనిది కాదు. ఐరోపా సమాజం 2013లో చేసిన 666వ నిబంధన ప్రకారం, 2017 సెప్టెంబరునుంచి అక్కడ అమ్మే వాక్యూమ్ క్లీనరు గొట్టం లాగుడుతో 40,000 సార్లు ఊగిన తరువాత కూడ వాడుకకు పనికిరావాలి. మోటారు కనీసం 500 గంటలు పనిచేయాలి. పరీక్షాగారంలో గొట్టాన్ని 40,000 సార్లు ఊపించే పరిశ్రమ, తన పట్టికలో గొట్టానికి ఒక వరుస ఇవ్వకపోవడం వింతే. దీని ఫలితం ఇళ్ళలో అనుభవానికి వస్తుంది. బ్రష్షు ఆగింది కాబట్టి బ్రష్షు ఉన్న శిరస్సే పాడైందని ఊహించి, దానిని అవతల పారవేసి కొత్తది కొంటారు. కొత్త శిరస్సు కూడ తిరగదు.

మల్టీమీటరు ఉన్న పాఠశాలలో ఈ పరీక్షను మరింత నిశ్చయంగా చేయవచ్చు. ప్లగ్గు ఊడదీసి, గొట్టాన్ని పెట్టెనుంచీ లోహపు గొట్టంనుంచీ వేరుచేసి, ఒక కొసనుంచి రెండవ కొసకు ఒక్కొక్క తీగ నిరోధం చూడాలి. చేతిపిడిలోని స్విచ్చిని తివాచీ గుర్తువద్ద ఉంచాలి. సున్నకు దగ్గరగా ఉండి, వంచినప్పుడు మారకపోతే ఆ తీగ మంచిదే. అయితే ఇదే మీటరును శిరస్సు పిన్నులకు ఆనించి తీర్పు చెప్పబూనడం తొందరపాటు. ఏకముఖ ప్రవాహ మోటారు గల శిరస్సులో నాలుగు డయోడుల రెక్టిఫైయర్ ఉంటుంది. ప్రవాహం ఏ దిక్కున పోయినా రెండు డయోడులను దాటాలి. సిలికాన్ డయోడులైతే అందుకు దాదాపు 1.2 వోల్టులు కావాలి. నిరోధం కొలిచేటప్పుడు చాలా మీటర్లు ఇచ్చే పీడనం అంత ఉండదు. అందుచేత ఆరోగ్యంగా ఉన్న శిరస్సునే మీటరు తెగిపోయినట్లు చూపుతుంది. పరికరం అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్న సరియైనది కాదు.

పట్టిక వ్రాసేవారి పక్షాన కూడ చెప్పవలసింది ఉన్నది. వారు ఎవరికోసం వ్రాస్తున్నారో వారికి తెలియదు. వ్యాజ్యాల భయం ఉన్నది. తెరిచిన యంత్రంలో గృహస్థుడు వ్రేలు పెడితే బాధ్యత తమదవుతుంది. అందువల్ల ప్రతి పనికీ ముందు ప్లగ్గు తీయమని వ్రాస్తారు, అది ప్రశంసనీయం. మరమ్మతు కేంద్రానికి పంపే చివరి వాక్యమూ తప్పు కాదు. మోటారు చుట్లను, రెక్టిఫైయరును ఇంట్లో సరిచేయడం క్షేమం కాదు. కాని మరమ్మతు వేరు, నిర్ణయం వేరు. లోపం గొట్టంలోనా శిరస్సులోనా అని తెలుసుకోవడానికి దేనినీ విప్పనక్కరలేదు. తెలుసుకొని కేంద్రానికి వెళ్ళిన మనిషికీ, బ్రష్షు తిరగడం లేదండి అని మాత్రమే చెప్పగల మనిషికీ బిల్లులో తేడా ఉంటుంది. మరమ్మతు చేయించుకొనే హక్కును గురించి ప్రభుత్వాలు కూడ ఇటీవల ఆలోచిస్తున్నాయి. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఇందుకై ఒక పోర్టల్ ప్రారంభించింది. ఐరోపా సమాజం 2024లో చేసిన మరమ్మతు ఆదేశంలో వాక్యూమ్ క్లీనర్లు కూడ చేరి ఉన్నాయి. దానిని సభ్యదేశాలు తమ చట్టాలలో చేర్చుకోవడానికి 2026 జూలై 31 గడువుగా పెట్టారు. విడిభాగాలు దొరకడం ఎంత అవసరమో, ఏ విడిభాగం కొనాలో తెలియడమూ అంతే అవసరం.

పట్టికకు బదులు ఏ రూపం ఉండాలి? దానికి ఇంజనీర్లు వృక్షశాస్త్రజ్ఞులను అడగవచ్చు. 1915నుంచి 1936వరకు భాగాలుగా వెలువడిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథంలో గ్యాంబుల్ పొందుపరచిన సూచికలను ఆంధ్రదేశపు కళాశాలలలో వృక్షశాస్త్రం చదివినవారు ఎరుగుదురు. చేతిలోని మొక్క ఏదో తెలియనివానికి ఆ గ్రంథం పేర్ల జాబితా ఇచ్చి ఒక్కొక్కటీ సరిచూడమనదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదానివెంట ఒకటా అని అడుగుతుంది. సమాధానాన్నిబట్టి తరువాతి ప్రశ్నకు పంపుతుంది. ఎనిమిది అంగాల గొలుసులో ఒక్కటి తెగిందని, అన్నింటికీ సమానంగా అవకాశమున్నదని అనుకొంటే, వరుసగా చూసుకొంటూపోతే ఏడు పరీక్షలదాకా పట్టవచ్చు. ప్రతిసారీ సగానికి విడదీసే ప్రశ్న అడిగితే మూడు చాలు. నిజానికి అవకాశాలు సమానం కావు, బెల్టు, గొట్టం, జుట్టు మిగిలినవాటికంటె ముందుంటాయి. కాబట్టి ప్రశ్నల క్రమంలో కొంత అనుభవం కూడ కలపాలి. పిన్నులున్నాయా, దీపం వెలిగిందా, చప్పుడు వినబడిందా, రోలరు వ్రేలికి తిరిగిందా, గొట్టం వంచితే మారిందా: ఈ అయిదు ప్రశ్నలు ఒక పుటలో సగం కూడ ఆక్రమించవు.

ఉన్నత పాఠశాలలో ఇది మంచి అభ్యాసం కాగలదు. వాక్యూమ్ క్లీనరే ఉండనక్కరలేదు. మిక్సీదో, నీటి మోటారుదో పుస్తకం చివర ఇటువంటి పట్టిక ఉండనే ఉంటుంది. దానిని నల్లబల్లమీద వ్రాసి, కారణానికీ పనికీ నడుమ నాలుగవ గడి ఒకటి గీసి, ఈ కారణమే అయితే మరేమి కనిపించాలి, మరేమి వినిపించాలి అన్నది ప్రతి వరుసకూ విద్యార్థులచేత పూరింపించవచ్చు. కొన్ని గడులు వెంటనే నిండుతాయి. కొన్ని వరుసల విషయంలో రెండు కారణాలకు ఒకే సమాధానం వస్తుంది. బెల్టు సాగింది, బెల్టు అరిగింది అన్నవి అటువంటివి. రెండింటికీ విరుగుడు కొత్త బెల్టే గనుక, వాటిని ఒకే వరుసగా కలిపివేయవచ్చు.